ఈమెయిల్‌కు తాళం: తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

బ్యాంకు నుంచి నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ పీడీఎఫ్ తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ ఎలా కూర్చుకోవాలో చాలాసార్లు అదే మెయిల్‌లో రాసి ఉంటుంది: పేరులో మొదటి నాలుగు అక్షరాలు, వాటి పక్కన పుట్టిన రోజు, నెల. ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి లేనివాడు చదవలేని రూపంలోకి మార్చడం) అనే మాట ఎన్నడూ వినని వాళ్లు కూడా నెలకోసారి స్వయంగా వాడుతున్న ఎన్‌క్రిప్షన్ ఇది. దీని బలమెంతో తేల్చడానికి పెద్ద గణితం అక్కర్లేదు. రోజు, నెల కలిపితే 366 అవకాశాలు. సంవత్సరం కూడా కలిపి నూరేళ్లకు లెక్క వేసినా దాదాపు 36,500. పేరు ఎలాగూ మెయిల్ మొదటి లైన్‌లోనే ఉంటుంది. ఇన్ని పాస్‌వర్డ్‌లను వరసబెట్టి ప్రయత్నించడం మామూలు ల్యాప్‌టాప్‌కు నిమిషాల పని. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కైతే పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవాడికి నూరు ప్రయత్నాలు చాలు.

కోట్లమందితో ముందుగా ఒక రహస్యం పంచుకోవడం ఎలా అన్న ప్రశ్నకు సంస్థలకు దొరికిన తేలిక జవాబు ఇది. తాళం గట్టిదే. తాళంచెవిని మాత్రం గుమ్మం పక్కన మేకుకు తగిలించారు. ఈమెయిల్ ఎన్‌క్రిప్షన్‌ను, డిజిటల్ సంతకాన్ని మామూలు మనిషి చేతికి అందించాలన్న ముప్పై ఏళ్ల ప్రయత్నమంతా ఈ చిక్కు చుట్టూనే తిరుగుతోంది: తాళంచెవి ఎలా చేరాలి, ఎవరి దగ్గర ఉండాలి, పోతే ఏమవుతుంది.

మెయిల్ ఇప్పటికే ఎన్‌క్రిప్ట్ అవుతోంది కదా అని చాలామంది అనుకుంటారు. అందులో కొంత నిజముంది. ఫోన్ నుంచి మెయిల్ సర్వర్‌కు, ఆ సర్వర్ నుంచి అవతలి సర్వర్‌కు వెళ్లే దారిలో సాధారణంగా టీఎల్‌ఎస్ అనే కప్పు ఉంటుంది. దారిలో కాపు కాసినవాడికి ఏమీ కనబడదు. మజిలీ చేరగానే ఆ కప్పు తీసేస్తారు, సర్వర్‌లో ఉత్తరం చదవగలిగే రూపంలోనే ఉంటుంది. అలాగే డీకిమ్ అనే సంతకాన్ని సర్వర్లు తమంతట తామే వేస్తాయి. ఈ మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే అది చెబుతుంది, ఖాతాలో కూర్చుని టైప్ చేసింది ఎవరో చెప్పదు. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ నంబరుకు డబ్బు వేయండి’ అంటూ సరుకు పంపే వ్యాపారి పేరుతో వచ్చే మోసాల్లో చాలావాటికి డీకిమ్ సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే దొంగ అతని ఖాతాలోకే దూరి రాశాడు. మనిషి సంతకం పని మొదలయ్యేది ఇక్కడే.

మనిషికి మనిషికి మధ్య తాళం వేయడానికి రెండు కీలు కావాలి. పబ్లిక్ కీ తెరిచి ఉన్న తాళంకప్ప లాంటిది. ఎన్నిటినైనా ఊరంతా పంచవచ్చు, ఎవరైనా పెట్టెకు తగిలించి నొక్కవచ్చు. దాన్ని తీసే తాళంచెవి, అంటే ప్రైవేట్ కీ, ఒక్కరి దగ్గరే ఉంటుంది. సంతకంలో ఇది తిరగబడుతుంది. ప్రైవేట్ కీతో సంతకం చేస్తారు, పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా సరిచూస్తారు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పీజీపీ ప్రోగ్రామ్‌తో ఈ విద్యను సొంత కంప్యూటర్ ఉన్న ప్రతివాడికీ అందించాడు. విద్య అందింది, వాడకం రాలేదు. ఎందుకు రాలేదో 1999లో ఆల్మా విటెన్, జె.డి. టైగర్ అనే పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. 12 మందిని కూర్చోబెట్టి, పీజీపీ 5.0 ఇచ్చి, ఒక రహస్య సందేశాన్ని సంతకం చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి పంపమన్నారు. 90 నిమిషాల్లో ఆ పని సరిగ్గా చేయగలిగింది మూడోవంతు మందే. నాలుగోవంతు మంది ఎన్‌క్రిప్ట్ చేయకుండానే పొరపాటున రహస్యాన్ని బాహాటంగా పంపేశారు. అవతలి వ్యక్తి కీ వాడాల్సిన చోట తమ సొంత పబ్లిక్ కీ వాడినవాళ్లూ ఉన్నారు. బటన్లు అందంగానే ఉన్నాయి. ఎవరి తాళంకప్ప ఏ పెట్టెకు అన్న సంగతే చాలామందికి బోధపడలేదు.

2016 ఏప్రిల్‌లో వాట్సాప్ తన వాడకందారులందరికీ ఒక్కసారిగా ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టింది, అంటే పంపేవారు, అందుకునేవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా అది తెలియకుండానే జరిగిపోయింది. మరి ఈమెయిల్‌లో అలా ఎందుకు కుదరలేదు? వాట్సాప్‌లో కీలన్నీ ఒకే సంస్థ సర్వర్ ద్వారా మారుతాయి, అందరిదీ ఒకే యాప్. ఈమెయిల్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఒకరు అవుట్‌లుక్, ఒకరు బ్రౌజర్‌లో జీమెయిల్, మరొకరు పాత ఫోన్. పైగా వాట్సాప్ చాట్ పోతే బాధపడతాం, అంతే. ఈమెయిల్ ఇరవై ఏళ్ల దస్తావేజుల బీరువా, అందులో పాత ఉత్తరం వెతికితే దొరకాలి. ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్‌ను సర్వర్ వెతకలేదు, స్పామ్‌ను వడకట్టలేదు. ఈ ఖరీదును దాచిపెట్టి ‘ఒక్క క్లిక్‌తో భద్రత’ అని చెప్పడం వాడకందారుకు మేలు చేయదు.

ఇప్పుడు ఉన్నవాటిలో మామూలు మనిషికి బాగా అందుబాటుకు వచ్చినది తండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి పీజీపీ అందులోనే ఉంది, వేరే తోడు ప్రోగ్రామ్‌లు అక్కర్లేదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పేజీ తెరిచి, యాడ్ కీ నొక్కి, కొత్త ఓపెన్‌పీజీపీ (పీజీపీ ప్రమాణం పేరు) కీ తయారు చేయమంటే గడువు 3 ఏళ్లు అని అదే చూపిస్తుంది. దాన్ని అలాగే ఉంచడం మంచిది. గడువు లేని కీ పాస్‌వర్డ్ మరిచిపోయినా, కంప్యూటర్ పోయినా ఎప్పటికీ లోకంలో తిరుగుతూనే ఉంటుంది, జనం దానికి మెయిల్స్ పంపుతూనే ఉంటారు. కీ తయారవగానే చేయాల్సిన పనులు రెండు, ఈ రెంటినీ దాదాపు అందరూ మరిచిపోతారు. ఒకటి, సెట్టింగ్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టడం. అది లేకపోతే కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా ఆ కీ వాడగలరు. రెండు, కీ మేనేజర్‌లో సీక్రెట్ కీ బ్యాకప్ తీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్ సంచీలో కాకుండా వేరే చోట ఉంచడం.

మెయిల్ రాసే కిటికీలో ఎన్‌క్రిప్ట్ బటన్ నొక్కాక, అందుకునేవారి కీ దొరక్కపోతే తండర్‌బర్డ్ మెయిల్ పంపదు, ఏ చిరునామాకు కీ లేదో చూపిస్తుంది. 1999 ప్రయోగంలో కనబడిన లాంటి పొరపాట్లకు ఇది మంచి మందు. రహస్యంగా పంపలేనప్పుడు ఆగిపోవాలి, నోరు మెదపకుండా మామూలుగా పంపేయకూడదు. ఈ ఆగిపోవడం విసుగు తెప్పిస్తుంది, కానీ దాన్ని తీసేసిన ఏ ప్రోగ్రామ్‌నూ నమ్మకూడదు.

అవతలివారి కీ తెచ్చుకోవడమే అసలు కష్టం. పాత రోజుల్లో అందరి పబ్లిక్ కీలూ దొరికే కీ సర్వర్లు ఉండేవి, ఎవరైనా ఎవరి పేరుతోనైనా కీ ఎక్కించవచ్చు, ఎవరి కీ మీదైనా సంతకాలు తగిలించవచ్చు. 2019 జూన్‌లో ఎవరో ఇద్దరు నిపుణుల కీలకు వేలకు వేలు సంతకాలు తగిలించారు. ఆ కీలను దించుకున్న ప్రోగ్రామ్‌లు మోయలేక కూలబడ్డాయి. అదే నెలలో మొదలైన కొత్త రకం కీ సర్వర్ ముందుగా ఈమెయిల్‌కు లింక్ పంపి, అది నొక్కాకే ఆ చిరునామాతో కీని చూపిస్తుంది. సొంత డొమైన్ ఉన్న సంస్థలైతే వెబ్ కీ డైరెక్టరీ పద్ధతిలో తమ వెబ్‌సైట్‌లోనే ఒక నిర్ణీత చోట సిబ్బంది కీలు పెడతాయి. చిరునామా టైప్ చేయగానే ప్రోగ్రామ్ వెళ్లి తెచ్చుకుంటుంది. ఇక ఆటోక్రిప్ట్ అనే పద్ధతి మరీ తేలిక: పంపే ప్రతి మామూలు మెయిల్ హెడర్‌లోనే పబ్లిక్ కీ కూడా కనబడకుండా వెళుతుంది, అవతలి యాప్ దాన్ని దాచుకుంటుంది, జవాబు రాసేటప్పుడు తాళం సిద్ధంగా ఉంటుంది. డెల్టా చాట్ ఈ దారిలో నడిచిన యాప్. ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు ప్రైవేట్ కీ తీసుకెళ్లడానికి ఆటోక్రిప్ట్ ప్రమాణంలో 36 అంకెల కోడ్ పెట్టారు. నాలుగేసి అంకెల తొమ్మిది గుంపులుగా చూపిస్తుంది కాబట్టి చూసి టైప్ చేయడం కష్టం కాదు.

మొదటిసారి వచ్చిన కీని అలాగే నమ్మడంలో ప్రమాదం లేదా అంటే ఉంది. ఆ మొదటి మెయిల్‌నే ఎవరైనా మార్చి ఉంటే కీ కూడా వాళ్లదే అవుతుంది. దీనికి విరుగుడు ప్రతి కీకీ ఉండే, వేలిముద్ర లాంటి 40 అక్షరాల గుర్తు. ఫోన్ చేసి మొదటి నాలుగు, చివరి నాలుగు చదువుకుంటే చాలదు. ఆ ఎనిమిది అక్షరాలు మాత్రం కలిసేలా దొంగ కీ తయారు చేయవచ్చు, కాబట్టి మొత్తం 40 చదువుకోవాలి. ఆస్తి కాగితాలు, ఆస్పత్రి రిపోర్టులు, డబ్బు వ్యవహారాలు నడిచే ఇద్దరు ముగ్గురితో ఒక్కసారి చేసుకుంటే సరిపోతుంది. అందరితో చేయమని చెప్పడం వల్లే జనం ఎవరితోనూ చేయకుండా ఉండిపోయారు.

సంతకం సంగతికొస్తే మన దేశానికి వేరే చరిత్ర ఉంది. తెలుగు నేల మీద డీఎస్సీ అంటే ముందు గుర్తొచ్చేది టీచర్ల నియామక పరీక్ష. కంపెనీలు, కాంట్రాక్టర్లు, ఆడిటర్ల దగ్గర అదే మాటకు డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ అని అర్థం. సమాచార సాంకేతిక చట్టం 2000 దీనికి చట్టబద్ధత ఇచ్చింది. 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 అనే స్థాయిని ఆపేసి, దానికి పైదైన క్లాస్ 3 మాత్రమే ఇస్తున్నారు. ప్రైవేట్ కీ ఒక యూఎస్‌బీ టోకెన్ లోపలే పుడుతుంది, బయటికి కాపీ కాదు. ఈ టోకెన్‌తో అవుట్‌లుక్‌లో మెయిల్‌కు కూడా సంతకం చేయవచ్చని వాడేవాళ్లలో కొద్దిమందికే తెలుసు. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ఈమెయిల్ సెక్యూరిటీ దాకా వెళ్లి సర్టిఫికెట్ ఎంచుకుంటే చాలు. ఈ పద్ధతి పేరు ఎస్‌మైమ్. ఇక్కడ తప్పులు జరిగే చోట్లు మూడు. సర్టిఫికెట్‌లో ఉన్న ఈమెయిల్, పంపే ఈమెయిల్ ఒకటే కాకపోతే ప్రోగ్రామ్ సంతకం చేయనివ్వదు. రెండోది, మన దగ్గర సంతకానికి ఒక సర్టిఫికెట్, ఎన్‌క్రిప్షన్‌కు మరొకటి విడిగా ఇస్తారు. సంతకం సర్టిఫికెట్ ఒక్కటే కొన్నవారికి ఎవరూ తాళం వేసిన మెయిల్ పంపలేరు. మూడోది, వ్యక్తిగత జీమెయిల్‌ను బ్రౌజర్‌లో వాడేవారికి ఎస్‌మైమ్ దొరకదు. వాళ్లకు సంతకం ఉన్న మెయిల్ ‘ఎస్‌మైమ్.పీ7ఎస్’ అనే అర్థం కాని అటాచ్‌మెంట్‌తో కనబడుతుంది. అది వైరస్ అనుకుని ఉత్తరాన్నే తీసేసేవాళ్లు ఉంటారు. మొదటిసారి సంతకంతో పంపేటప్పుడు ‘కింద కనబడేది నా సంతకం ఫైల్, తెరవక్కర్లేదు’ అని ఒక వాక్యం రాయడం ఎంతో మేలు.

ఒక సర్టిఫికెట్‌కు పైనున్న మరో సర్టిఫికెట్ హామీ ఇస్తూ పోయే నమ్మకం గొలుసు మరో చిక్కు; ఆ గొలుసులో అన్నిటికన్నా పైనున్నది మూల సర్టిఫికెట్. ఈ-ఆధార్ పీడీఎఫ్ తెరిస్తే సంతకం ఉన్న చోట పసుపు ప్రశ్నార్థకం కనబడటం, పక్కన వ్యాలిడిటీ అన్‌నోన్ అని రావడం చాలామందికి అనుభవమే. సంతకం చెడిపోయిందని కాదు దాని అర్థం. సంతకం చేసిన సర్టిఫికెట్‌కు పైనున్న భారత మూల సర్టిఫికెట్‌ను ఆ కంప్యూటర్‌లోని రీడర్ ఎరగదు, అంతే. గుర్తు మీద కుడి క్లిక్ చేసి, వ్యాలిడేట్ సిగ్నేచర్, సిగ్నేచర్ ప్రాపర్టీస్ దారిలో సర్టిఫికెట్ వివరాలు చూసి, నమ్మకమైన వాటిలో చేర్చితే పచ్చ టిక్కు వస్తుంది. ఆ కాగితాన్ని ప్రింట్ తీస్తే మిగిలేది బొమ్మ మాత్రమే. పచ్చ టిక్కు ముద్రించిన కాగితానికి సంతకం బలం ఏమీ ఉండదు, అయినా ఆఫీసుల్లో దాన్నే అడుగుతారు. ఇదే గొలుసు మెయిల్‌లోనూ ఇబ్బంది పెడుతుంది. 2014 జూలైలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ కింద ఉన్న సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి, ఆ విభాగానికి చెందిన సర్టిఫికెట్లను రద్దు చేశారు. ఫైర్‌ఫాక్స్ నమ్మకపు జాబితాలో భారత మూల సర్టిఫికెట్ అప్పటికే లేదు. కాబట్టి ఇక్కడి టోకెన్‌తో సంతకం చేసి అమెరికాలోని కొడుక్కో, కంపెనీకో పంపితే అక్కడ హెచ్చరిక రావడం మామూలే. విదేశాలతో ఉత్తర ప్రత్యుత్తరాలకు పీజీపీ గానీ, అక్కడి ప్రోగ్రామ్‌లు గుర్తించే సంస్థ నుంచి కొన్న ఎస్‌మైమ్ సర్టిఫికెట్ గానీ మేలు.

వీటన్నిటికన్నా బాధ కలిగించేది టోకెన్లు ఉండే చోటు. ఆడిటర్ ఆఫీసులో ఒక సొరుగు తెరిస్తే పేర్లు రాసిన చీటీలు అంటించిన టోకెన్లు వరసగా కనబడటం మన ఊళ్లలో వింత కాదు. చాలా టోకెన్ల మీద ఫ్యాక్టరీలో పెట్టిన 12345678 పిన్ కూడా మారి ఉండదు. సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షన్ ప్రైవేట్ కీని తన అదుపులోనే ఉంచుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్ ఉన్నవారిదేనని చెబుతుంది. ఆ సొరుగులోని టోకెన్‌తో ఎవరు ఏ కాగితం మీద సంతకం చేసినా చట్టం ముందు అది యజమాని సంతకమే. ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. టోకెన్‌ను మాత్రం రిటర్న్ దాఖలు చేయాలంటే చాలు, చేతిలో పెట్టేస్తారు. కష్టమైన పనిని మరొకరికి అప్పజెప్పడం మనిషి సహజం. అందుకే పనిని తేలిక చేయకుండా జనాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

2015లో వచ్చిన ఆధార్ ఈ-సైన్ ఈ దిశలో నిజమైన ముందడుగు. ఓటీపీ కొట్టగానే భద్రమైన యంత్రంలో ఆ ఒక్క సంతకం కోసమే కీ పుడుతుంది, సంతకం అవగానే చెరిగిపోతుంది. దాచుకోవాల్సింది లేదు, పోగొట్టుకునేది లేదు. ఇందులో ఒక పాఠం ఉంది. సంతకం కీ పోయినా పాత సంతకాలకు ఏమీ కాదు, వాటిని సరిచూడటానికి పబ్లిక్ కీ చాలు. కొత్త కీ తెచ్చుకుని ముందుకు పోవచ్చు. ఎన్‌క్రిప్షన్ కీ పోతే మాత్రం అప్పటిదాకా వచ్చిన తాళం వేసిన మెయిల్స్ అన్నీ శాశ్వతంగా మూసుకుపోతాయి. సంతకం కీకి బ్యాకప్ ఉండకపోవడమే మంచిది, ఎన్‌క్రిప్షన్ కీకి బ్యాకప్ లేకపోవడం ప్రమాదం. రెంటినీ ఒకే పేరుతో, ఒకే పెట్టెలో పెట్టి చూపించే ప్రోగ్రామ్‌లు వాడకందారును గందరగోళపెడుతున్నాయి. గడువు తీరిన టోకెన్‌ను కొత్త సర్టిఫికెట్ కోసం ఇనీషియలైజ్ చేస్తే, అంటే ఖాళీ చేసి మళ్లీ సిద్ధం చేస్తే, లోపలి పాత ఎన్‌క్రిప్షన్ కీ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ పని చేసేముందు పాత మెయిల్స్‌ను తెరిచి మరోచోట భద్రపరచుకోవాలి.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా తగిలే దెబ్బలు రెండున్నాయి. పాత పద్ధతిలో, అంటే మెయిల్ మధ్యలోనే ఎన్‌క్రిప్ట్ చేసిన ముద్దను అతికిస్తే, విప్పాక తెలుగు అక్షరాల చోట పిచ్చి గుర్తులు రావచ్చు. ఏ అక్షర సంకేతాల్లో రాశారన్న సమాచారం ఆ ముద్దతో నమ్మకంగా వెళ్లదు. పీజీపీమైమ్ అనే పద్ధతిని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు, ఇప్పటి తండర్‌బర్డ్ దాన్నే వాడుతుంది. రెండోది మరీ సూక్ష్మం. కీని కాపాడే పాస్‌వర్డ్‌ను తెలుగులో పెడితే ‘రాజ్‌కుమార్’ అన్న పదాన్ని కంటికి కనబడని విడదీసే గుర్తుతో ఒక కీబోర్డ్, అది లేకుండా మరో కీబోర్డ్ రాయవచ్చు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులుగానూ రాయవచ్చు. చదివేవారికి ఒకటే పదం, కంప్యూటర్‌కు వేర్వేరు. కొత్త ఫోన్ కొన్న రోజున పాత పాస్‌వర్డ్ పనిచేయకుండా పోతుంది. తెలుగు పదాలనే ఎంచుకోండి, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. సంబంధం లేని ఆరు పదాలు వరసగా పెట్టుకుంటే గట్టిగా ఉంటుంది, గుర్తూ ఉంటుంది.

కీలు, సర్టిఫికెట్లు ఏవీ పట్టించుకునే ఓపిక లేనివారికి ప్రోటాన్ మెయిల్ లాంటి సేవలున్నాయి. అక్కడ ఇద్దరికీ ఖాతా ఉంటే తాళం దానంతట అదే పడుతుంది, ప్రైవేట్ కీ వాడకందారు పాస్‌వర్డ్‌తో మూసి సర్వర్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయి కొత్తది పెడితే, రికవరీ పదాలు రాసి పెట్టుకోనివారికి పాత మెయిల్స్ తెరుచుకోవు. ఖాతా తెరిచిన రోజే ఆ పదాలను కాగితం మీద రాసుకోవాలి. బయటివారికి పంపేటప్పుడు పాస్‌వర్డ్‌తో మూసిన మెయిల్ పంపవచ్చు, ఆ పాస్‌వర్డ్‌ను మాత్రం ఫోన్‌లో చెప్పాలి.

ఏ దారి ఎంచుకున్నా రెండు సంగతులు తెలిసి ఉండాలి. చాలా ప్రోగ్రామ్‌లలో సబ్జెక్ట్ లైన్‌కు తాళం పడదు. ‘అమ్మ బయాప్సీ రిపోర్ట్’ అని పైన రాసి లోపల ఎంత గట్టిగా మూసినా ఫలితం తక్కువ. తండర్‌బర్డ్ పీజీపీలో సబ్జెక్ట్‌ను కూడా దాచే సౌకర్యం ఉంది, కానీ అవతలి ప్రోగ్రామ్‌కు అది తెలియకపోతే మూడు చుక్కలే కనబడతాయి. ఇక 2018 మేలో బయటపడిన ఈఫెయిల్ లోపంలో దాడిచేసేవాళ్లు తాళం వేసిన మెయిల్‌ను బొమ్మ లింక్ మధ్య ఇరికించి పంపగలిగేవారు, మెయిల్ ప్రోగ్రామ్ దాన్ని విప్పి, విప్పిన మాటలనే ఆ లింక్‌తో బయటికి పంపేసేది. ఆ లోపాలను చాలావరకు సరిచేశారు. అయినా బయటి బొమ్మలు వాటంతటవే తెరుచుకోకుండా సెట్టింగ్ ఆపి ఉంచాలి.

కుటుంబంలోనో, చిన్న ఆఫీసులోనో మొదలుపెట్టాలనుకుంటే సంతకంతో మొదలుపెట్టడం మేలు. అవతలివారి దగ్గర ఏమీ లేకపోయినా సంతకం చేసిన మెయిల్ చదువుకోవచ్చు, ఆ మెయిల్‌తోనే పబ్లిక్ కీ వాళ్లకు చేరుతుంది. నెలా రెండు నెలల్లో ఎవరెవరి దగ్గర కీలు చేరాయో చూసి, ఆ తర్వాత వాళ్ల మధ్య ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవచ్చు. మూడేళ్ల గడువు దగ్గరపడినప్పుడు కొత్త కీ చేయక్కర్లేదు. కీ మేనేజర్‌లో ఉన్న కీకే తేదీ పొడిగిస్తే 40 అక్షరాల గుర్తు మారదు, పాత మెయిల్స్ తెరుచుకుంటూనే ఉంటాయి. పొడిగించిన పబ్లిక్ కీని మళ్లీ అందరికీ ఒకసారి పంపాలి. పంపకపోతే వాళ్ల ప్రోగ్రామ్‌లు పాత తేదీనే చూసి, గడువు తీరిన కీ అని మెయిల్ ఆపేస్తాయి.